సూటు కుట్టించుకుంటున్నారా? గుడ్డ దగ్గర, భుజం దగ్గర తప్పు చేయకండి

"సూటుకి ఏ గుడ్డ తీసుకోవాలి?" "ఒంటికి సరిగ్గా పట్టిందో లేదో నాకెలా తెలుస్తుంది?" నన్ను ఈ రెండూ అడగనివాళ్లు తక్కువ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి, అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను. ఇది కోటు, ప్యాంటు ఉన్న మామూలు సూటు గురించి. రెడీమేడ్ కొనేవాళ్లకు చివర్లో కొంచెం చోటిచ్చాను.

ముందే ఒక మాట. సూటులో కొన్ని తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. చేతుల పొడవు, నడుము, ప్యాంటు పొడవు లాంటివి ఏ టైలరైనా సరిచేస్తాడు. గుడ్డ అలా కాదు, కత్తెర పడ్డాక వెనక్కి పోలేం. భుజం కూడా దాదాపు అంతే. అందుకే మీ సమయం, డబ్బు, మొహమాటం వదిలి అడిగే ఓపిక ఈ రెండింటి మీదే ఎక్కువ పెట్టండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- సూటు లోపల వేసుకోబోయే చొక్కా, దాని కిందికి తొడగబోయే బూట్లు. కొలతలకూ ట్రయల్‌కూ ఇవే వేసుకెళ్లాలి. చెప్పులతో వెళ్తే ప్యాంటు పొడవు తప్పడం ఖాయం.
- కొలత టేపు.
- ఆది ఇవ్వడానికి, మీకు బాగా పట్టిన పాత కోటు. లేకపోతే పరవాలేదు, కానీ సరిగ్గా లేని కోటును మాత్రం ఆదిగా ఇవ్వొద్దు. అందులో ఉన్న తప్పులన్నీ కొత్తదాంట్లోకి వస్తాయి.
- ఫోను, ఫొటోలు తీయడానికి తోడుగా ఒక మనిషి.
- కనీసం నాలుగు వారాల గడువు. "ఎల్లుండికి కావాలి" అన్నారంటే ట్రయల్ ఎగిరిపోతుంది.

మొదటి భాగం: గుడ్డ

1. ఎక్కడ వేసుకుంటారో ముందు తేల్చుకోండి

ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి తీసేదా? వారానికి మూడు రోజులు వేసుకుని, గంటల తరబడి కుర్చీలో కూర్చునేదా? ఎక్కువ ప్రయాణాల్లో ఉంటారా? ఎండలోనా, ఏసీ గదిలోనా? కొట్లో అడుగు పెట్టకముందే దీనికి జవాబు ఉండాలి. లేకపోతే అమ్మేవాడు మీ చేతిలో పెట్టిందే మీకు నచ్చుతుంది.

2. బరువు అడగండి

సూటు గుడ్డకు మీటరుకు ఇన్ని గ్రాములని బరువు ఉంటుంది. కొట్లో చాలామంది రంగు అడుగుతారు, ధర అడుగుతారు, ఇది మాత్రం అడగరు. గుడ్డ ఒంటి మీద ఎలా వాలుతుందో ఎక్కువగా చెప్పేది ఇదే.

- 210 నుంచి 250 గ్రాములు: వేడి వాతావరణానికి. తేలిగ్గా ఉంటుంది, తొందరగా ముడతలు పడుతుంది.
- 260 నుంచి 310 గ్రాములు: ఏడాదిలో ఎక్కువ రోజులు పనికొస్తుంది. మొదటి సూటుకి నేను చెప్పేది ఇదే. తన బరువుతో తానే కిందికి సాఫీగా జారుతుంది కాబట్టి కుట్టులో ఉన్న చిన్న చిన్న లోపాలు కూడా కనబడవు.
- 340, ఆపైన: చలికి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొందరు బరువును చదరపు మీటరుకు చెబుతారు. సూటు గుడ్డ పన్నా సాధారణంగా 150 సెం.మీ. కాబట్టి, చదరపు మీటరుకు 200 గ్రాములంటే తాను మీద మీటరుకు 300 గ్రాములని అర్థం. రెండు గుడ్డలను పోల్చేటప్పుడు ఏ లెక్క చెబుతున్నారో అడిగి, చదరపు మీటరు లెక్కయితే ఒకటిన్నరతో హెచ్చవేసుకోండి.

3. గుడ్డను వెలుతురుకు ఎత్తి నేత చూడండి

"పల్చటి గుడ్డయితే చల్లగా ఉంటుంది" అన్నది సగమే నిజం. గాలి ఆడేది పోగుల మధ్య సందుల్లోంచి. దగ్గరగా నేసిన 220 గ్రాముల గుడ్డ కంటే, పడుగూ పేకా ఒకటి విడిచి ఒకటిగా అల్లుకున్న సాదా నేతలో, గట్టిగా మెలిపెట్టిన నూలుతో, కాస్త వదులుగా నేసిన 280 గ్రాముల గుడ్డే ఎండలో హాయిగా ఉంటుంది. ఇలాంటి వాటిని ఫ్రెస్కో అనో, హై ట్విస్ట్ అనో అంటారు. చేతికి కాస్త గరుకుగా తగులుతాయి. ఆ గరుకు చూసే చాలామంది పక్కన పెట్టేస్తారు. అయ్యో, పెట్టకండి! ముడత పడినా రాత్రి హ్యాంగర్‌కు తగిలిస్తే తెల్లారేసరికి చాలావరకు పోతుంది.

ఏటవాలు గీతల్లా కనిపించేది ట్విల్. వాలు బాగుంటుంది, గట్టిది, నలుగురిలోకి వేసుకెళ్లడానికి ఇబ్బంది లేదు. ముందూ వెనకా మెత్తని నూగుతో ఉండేది ఫ్లానెల్. చలికి తప్ప తీసుకోవద్దు.

4. దేంతో చేసిందో చదవండి

గుడ్డ అంచు మీద, లేదా తానుకు కట్టిన చీటీ మీద రాసి ఉంటుంది.

ఊలు: సూటుకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. "ఊలంటే వేడి కదా" అని చాలామంది భయపడతారు. స్వెట్టర్ ఊలు వేరు, సూటు ఊలు వేరు. ఊలు తన బరువులో దాదాపు మూడో వంతు చెమ్మను లాక్కున్నా పైకి తడిగా అనిపించదు. ముడతల నుంచి తనే తేరుకుంటుంది.

ఊలు, పాలిస్టర్ కలిపింది: ఊలు సగానికి పైన ఉంటే రోజువారీకి మంచి బేరమే. అరుగుదల తక్కువ. పాలిస్టర్ పాలు పెరిగేకొద్దీ గాలి ఆడదు, మోకాళ్ల దగ్గరా కూర్చునే చోటా మెరుపు తేలుతుంది.

పాలిస్టర్, విస్కోస్ (రేయాన్) కలిపింది: కొట్లో దీన్ని టీఆర్ అంటారు. తక్కువలో పని అయిపోతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లే వేసుకుంటారంటే తీసుకోండి, తప్పేం లేదు. కానీ దీన్ని ఊలు ధరకు కొనకండి.

నార బట్ట, అంటే లినెన్: వేసుకున్న పది నిమిషాలకే ముడతలు. ఆ ముడతలే దాని అందం అనుకోగలిగితేనే కొనండి. పల్చటిది అసలొద్దు, 300 గ్రాములకు పైబడినదైతే ముడతలు కూడా పెద్దవిగా, హుందాగా పడతాయి.

సాగే గుడ్డ: రెండు శాతం ఎలాస్టేన్ కలిస్తే ప్యాంటుకి సుఖంగానే ఉంటుంది. అయితే "సాగుతుంది కదా" అని కోటును బిగించి కుట్టేస్తారు. అది ఒప్పుకోవద్దు.

5. "సూపర్" అంకెకు పడిపోకండి

సూపర్ 100, సూపర్ 120, సూపర్ 150... ఈ అంకె పెరిగితే నాణ్యత పెరిగినట్టే అనుకుంటారు. అది ఊలు పోగు ఎంత సన్నగా ఉందో మాత్రమే చెబుతుంది. సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, సూపర్ 120 అంటే 17.75కి, సూపర్ 150 అంటే 16.25కి. అంకె పది పెరిగినప్పుడల్లా అర మైక్రాన్ తగ్గుతుందన్నమాట. నేత ఎలాంటిదో, నూలు ఎంత మెలి తిరిగిందో, గుడ్డ ఎన్నాళ్లు ఉంటుందో ఆ అంకెలో ఉండదు.

నా మొదటి మంచి సూటు సూపర్ 150. వేళ్ల మధ్య పట్టులా జారుతుంటే ఇంకేం అడగబుద్ధి కాలేదు. రోజూ ఆఫీసుకి అదే తొడిగాను. పది నెలలు తిరక్కుండానే, తొడలు ఒరుసుకునే చోట ప్యాంటు వల పట్టినట్టు పల్చబడింది. ఒకరోజు కుర్చీలోంచి లేస్తుంటే చిన్న చప్పుడైంది, అంతే. కోటు ఇప్పటికీ కొత్తదానిలా ఉంది, దాని మీదికి ప్యాంటు లేదు.

తరచుగా వేసుకునేదైతే సూపర్ 100 నుంచి 120 లోపు చాలు. 150, ఆపైన అప్పుడప్పుడు తీసేవాటికే. ఇంకో మాట, ఈ అంకె అసలు కొత్త ఊలుతో నేసిన గుడ్డల కోసం పుట్టింది. సగానికి పైగా పాలిస్టర్ ఉన్న తాను మీద "సూపర్ 150" అని ముద్ర కనబడితే దాన్ని అలంకారం కింద లెక్కేసి పక్క తానుకు వెళ్లండి.

6. చేత్తో పరీక్షించండి

నలిపి చూడండి: గుడ్డ మూలను గుప్పిట్లో బిగించి పదిదాకా లెక్కపెట్టి వదలండి. ముడతలు కళ్ల ముందే సర్దుకుంటే మంచి గుడ్డ. గట్టిగా గీత పడి ఉండిపోతే, ఆ సూటు మధ్యాహ్నానికి ఎలా ఉంటుందో మీకు తెలిసిపోయినట్టే.

వెలుతురుకు ఎత్తండి: నేత అంతటా ఒకేలా ఉందా, మధ్యలో పోగులు తెగి అతికినట్టు ముడులున్నాయా చూడండి.

బయటికి తీసుకెళ్లండి: ట్యూబులైటు కింద నల్లగా కనిపించింది పగటి వెలుతురులో ముదురు నీలమో, ఆకుపచ్చ జీర ఉన్న బూడిద రంగో కావచ్చు. గుమ్మం దాకా తేనివ్వని కొట్లో కొనకండి.

కాల్చి చూడండి: చీటీ మీద నమ్మకం లేకపోతేనే. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, ఇనుప పళ్లెం మీద అంటించండి. ఊలైతే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట దానంతటదే ఆరుతుంది, బూడిద వేళ్ల మధ్య పొడవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి నల్లపూసలా ముద్దకడుతుంది. నూలు, నార, విస్కోస్ అయితే కాగితం కాలిన వాసన. జుట్టు వాసనా వచ్చి, పూసా కట్టిందంటే రెండూ కలిసిన గుడ్డ. జాగ్రత్త: కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటే ఊడిరాదు. చేత్తో పట్టుకోవద్దు, పక్కన నీళ్లుండాలి.

7. రంగు

మొదటిదైతే ముదురు నీలం, లేదా బొగ్గు రంగు బూడిద. సాదా. దీని మీద ఎక్కువ ఆలోచించకండి. నలుపు రాత్రి వేడుకలకు బాగుంటుంది, పగటి వెలుతురులో వెలిసినట్టు కనిపిస్తుంది. గళ్లు, గీతలు రెండో సూటుకి ఉంచుకోండి. గళ్లు కలిపి కుట్టడానికి టైలరుకి చేయి తిరిగి ఉండాలి.

8. ఎంత తీసుకోవాలి

150 సెం.మీ. పన్నాలో మామూలు ఎత్తు, ఒళ్లు ఉన్నవాళ్లకి సుమారు 3 మీటర్లు. పొడగరులు, భారీ మనుషులు అయితే 3.25 నుంచి 3.5. లోపలికి వెయిస్ట్‌కోటు కావాలంటే ఇంకో ముప్పావు మీటరు. పెద్ద గళ్లయితే అర మీటరు అదనం. కొనేముందు మీ టైలరుకి ఫోను చేసి అడగడం అన్నిటికంటే మేలు.

వీలైతే రెండో ప్యాంటుకని మరో 1.25 మీటర్లు అప్పుడే తీసుకోండి. కోటు కంటే ప్యాంటు ముందు అరుగుతుంది, నా కథ విన్నారుగా. ఆరు నెలల తర్వాత అదే గుడ్డ కోసం వెళ్తే, పేరు అదే అయినా రంగు వేసిన విడత మారి ఉంటుంది. పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

రెండో భాగం: కొలతలు, కుట్టు

9. కోటు లోపల ఏం వేస్తారో అడగండి

కోటు ముందు భాగం నిలబడడానికి గుడ్డకూ లైనింగ్‌కూ మధ్య ఒక పొర ఉంటుంది. దాన్ని వేడితో అంటిస్తే ఫ్యూజింగ్, కొన్నిచోట్ల పేస్టింగ్ అంటారు. చౌక, త్వరగా అవుతుంది. కానీ కొన్నాళ్లకు, ముఖ్యంగా డ్రైక్లీనింగ్‌ల తర్వాత, అక్కడక్కడా ఊడి బుడగల్లా లేవొచ్చు. అంటించకుండా, కాన్వాస్ అనే ముతక గుడ్డ పొరను చేత్తోనో మిషన్‌తోనో కుట్టి పెడితే ఆ బాధ లేదు, ఛాతీ దగ్గర ఒంటి వంపును పట్టుకుంటుంది. ఛాతీ వరకే కాన్వాస్ పెట్టేది హాఫ్ కాన్వాస్. ఖర్చుకీ ఫలితానికీ మధ్య రాజీ అదే, చాలామందికి అదే చాలు.

చెప్పింది చేశాడా లేదా చూడాలంటే: కోటు ముందు భాగాన, అన్నిటికన్నా కింది కాజాకు కాస్త దిగువన, పైగుడ్డను ఒక చేత్తో, లోపలి గుడ్డను ఇంకో చేత్తో పట్టి విడదీసి నలపండి. మధ్యలో మూడో పొర విడిగా కదులుతూ తగిలితే ఫుల్ కాన్వాస్. అక్కడ తగలక ఛాతీ దగ్గర మాత్రం తగిలితే హాఫ్. ఎక్కడా తగలకుండా పైగుడ్డే అట్టలా మందంగా ఉంటే ఫ్యూజింగ్.

లైనింగ్ కూడా అప్పుడే తేల్చుకోండి. మంచి ఊలు తెచ్చి లోపల పాలిస్టర్ లైనింగ్ వేస్తే, ప్లాస్టిక్ సంచిలో కూర్చున్నట్టే. విస్కోస్ గానీ కుప్రో (గాలి ఆడే నున్నటి లైనింగ్ గుడ్డ) గానీ అడగండి. వేడికైతే వెనకవైపు సగమే లైనింగ్ వేయించుకోండి.

10. కొలతలిచ్చేటప్పుడు మీ పని

ఊపిరి బిగబట్టకండి. ఛాతీ విరుచుకుని నిలబడకండి. టేపు చూడగానే ప్రతివాళ్లూ పొట్ట లోపలికి లాగుతారు, ఆ కోటు ఆ క్షణానికి మాత్రమే సరిపోతుంది. జేబుల్లో ఉన్నవన్నీ తీసి పక్కన పెట్టి, ఎదురుగా చూస్తూ మామూలుగా నిలబడండి.

పూర్తయిన కోటు ఛాతీ కొలత మీ ఒంటి కొలత కన్నా దాదాపు 10 సెం.మీ. ఎక్కువ ఉండాలి. బాగా ఒంటికి అంటినట్టు కావాలన్నా 8కి తగ్గనివ్వకండి.

కొలతలన్నీ రాసుకున్నాక టైలరుతో ఈ మూడు మాటలు చెప్పండి. నా భుజాల్లో ఏది కిందికి ఉందో చూడండి (చాలామందికి ఒకటి కాస్త దిగే ఉంటుంది, ఆ వైపు ప్యాడ్ కొంచెం పెంచుతారు). నేను ముందుకు వంగి నిలబడతానా చూడండి. లోపలి కుట్ల దగ్గర 3 సెం.మీ. అయినా గుడ్డ వదలండి. ఈ మూడోది మర్చిపోతే, రేపు ఒళ్లు చేస్తే సూటు తమ్ముడికి ఇవ్వాల్సిందే.

మూడో భాగం: ట్రయల్

ఇక్కడే నిదానించాలి. పైపైన టాకాలు వేసి, చేతులు ఇంకా గట్టిగా బిగించకుండా ఉన్న కోటును వేసి చూపిస్తారు. "ట్రయల్ అక్కర్లేదు సార్, మీ కొలతలు నాకు తెలుసు" అంటే నవ్వి, ట్రయల్ అడగండి.

ఒక చిన్న కనికట్టు గురించి చెప్పాలి. ఒకసారి ట్రయల్‌లో అద్దం ముందు నిలబడ్డాను. కోటు నడుము దగ్గర కొలిచి కోసినట్టు ఉంది. మురిసిపోయాను. తీరా చూస్తే టైలరు నా వెనక నిలబడి, వీపు మీద గుడ్డను గుప్పెడు పట్టుకుని లాగి ఉంచాడు. చేయి తీయగానే కోటు డేరాలా జారింది. పాపం అతనికి దురుద్దేశం లేదు, "ఇంత లోపలికి తీస్తాను" అని చూపిస్తున్నాడు. కానీ అద్దంలోకి చూసే మనిషికి అది తెలియదు. అందుకని: చూసేటప్పుడు ఎవరి చేయీ మీ మీద ఉండకూడదు. తీయాల్సిన చోట గుండుసూదులు పెట్టించి, అప్పుడు చూడండి.

11. భుజం

ఒకటే గుండీ పెట్టుకుని, చేతులు వదిలేసి నిలబడండి. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర దగ్గరే ఆగాలి. అక్కడి నుంచి చేయి సాఫీగా దిగాలి. భుజం కింద చేతి మీద గుంట పడిందంటే ఎక్కువసార్లు భుజం వెడల్పయినట్టు. భుజం చివర చేయి కండ బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే ఇరుకు.

గోడ పరీక్ష: గోడకు పక్కగా నిలబడి నెమ్మదిగా ఒరగండి. మీ చేయి తగలకముందే భుజం ప్యాడ్ గోడకు తగిలి నలిగితే పెద్దదని లెక్క.

భుజం తప్పితే "తర్వాత చూద్దాం" అనొద్దు. చేతులు ఊడదీయాల్సిన పని అది. టాకాల మీద ఉన్నప్పుడే చేయించాలి.

12. కాలరు, వీపు

కోటు కాలరు చొక్కా కాలరును వెనక నుంచి ఆనుకునే ఉండాలి, సందు ఉండకూడదు. వెనక చొక్కా కాలరు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి కనబడాలి. చేతులు ముందుకు చాపి మళ్లీ దించాక కూడా సందు లేదని చూసుకోండి, నిశ్చలంగా ఉన్నప్పుడు ఎవరి కాలరైనా బుద్ధిగానే ఉంటుంది.

ఇక వీపు మీద ముడతలు. వాటిని చదవడం వస్తే సగం టైలరు అయినట్టే:

- కాలరు కింద అడ్డంగా ఒక మడత: మీ భుజాలు కోటు కన్నా చదరంగా ఉన్నాయి. కాలరు దించి, మిగిలిన గుడ్డ తీయాలి.
- మెడ నుంచి చంక వైపు ఏటవాలు గీతలు: మీ భుజాలు వాలుగా ఉన్నాయి.
- వీపు పొడవునా నిలువు మడతలు: వెనక వెడల్పు ఎక్కువైంది. కొంచెం ఉంచుకోవాలి, లేకపోతే చేతులు ముందుకు రావు.
- వెనక చీలిక నోరు తెరిచినట్టు విడిపోవడం: సీటు దగ్గర బిగుతు. చీలికలు మూసుకుని నిటారుగా వేలాడాలి.

ఇవి అద్దంలో కనబడవు. అందుకే ఫోను. ముందు, పక్క, వెనక మూడు ఫొటోలు తీయించుకోండి, మీరు ఫోజు పెట్టకుండా.

13. ఛాతీ, నడుము

గుండీ పెట్టాక దాని చుట్టూ ఇంటూ గుర్తులా నాలుగు వైపులా ముడతలు లాగుతుంటే బిగుతు. ఒక చిన్న గీత పరవాలేదు. అరచేయి ల్యాపెల్ (ఛాతీ మీద వెనక్కి మడిచిన కోటు అంచు) కింద సులువుగా దూరాలి, గుప్పిట పెడితే గుడ్డ లాగాలి. గుప్పిట కూడా హాయిగా దూరితే వదులు. కింది గుండీ పెట్టుకోం కాబట్టి అది కలవకపోతే గాభరా పడొద్దు, రెండు గుండీల కోటు కోత అలాగే ఉంటుంది.

14. చంక కోత

అందరూ తిరగేసి అర్థం చేసుకునేది ఇదే. "చేతులు ఆడాలి కదా, చంక కాస్త లూజుగా పెట్టండి" అంటారు. చంక కిందికి దిగితే చేయి ఎత్తినప్పుడు కోటు మొత్తం చేయితో పాటు లేస్తుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటేనే చేయి ఒక్కటే కదిలి కోటు తన చోట తాను ఉంటుంది. పరీక్ష: పైనున్న పుస్తకం తీస్తున్నట్టు చేయి ఎత్తండి. కోటు అంచు నాలుగు వేళ్లు పైకి లేచిందంటే చంక దిగువన ఉంది. కోయడానికి గుడ్డ ఉంటుంది, అతకడానికి ఉండదు. కాబట్టి మొదట్లో ఎత్తుగానే పెట్టించి, ఒరుసుకుంటే కొద్దికొద్దిగా దించమనండి.

15. చేతులు, పొడవు

కోటు చేయి మీ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి, చొక్కా కఫ్ 1 నుంచి 1.5 సెం.మీ. కనబడాలి. రెండు చేతులూ విడివిడిగా కొలిపించండి, చాలామందికి తేడా ఉంటుంది. చేతులు వదిలేసినప్పుడు కోటు చేతి మీద ఏటవాలు మెలికలు కనిపిస్తే పొడవు సమస్య కాదు, చేయి అతికిన కోణం తప్పింది. ఊడదీసి కాస్త ముందుకో వెనక్కో తిప్పి పెట్టాలి.

కోటు పొడవు సీటును కప్పాలి. మెడ వెనక ఎముక నుంచి నేలకు కొలిచి సగం చేస్తే వచ్చేదానికి అటూఇటూగా ఉంటుంది. "వేళ్లు ముడిస్తే కోటు అంచు అందాలి" అన్న లెక్క నమ్మొద్దు, చేతుల పొడవు అందరికీ ఒకేలా ఉండదు.

16. ప్యాంటు

బెల్టు లేకుండా నిలవాలి. పక్క జేబులు చెవుల్లా విచ్చుకుంటే తుంటి దగ్గర బిగుతు. ముందువైపు తొడల సంధి నుంచి మీసాల్లా అడ్డగీతలు లాగినా అంతే. వెనక సీటు కింద గుడ్డ సంచిలా వేలాడితే వదులు.

ఆ తర్వాత కూర్చోండి. నిజంగా కూర్చోండి, రెండు నిమిషాలు. బూట్లతో నిలబడినప్పుడు ప్యాంటు అంచు బూటును తాకి ఒక్క చిన్న మడత పడితే చాలు. మడతలే వద్దనుకుంటే అంచును వెనకవైపు ఒక సెంటీమీటరు దిగేలా ఏటవాలుగా కోయించండి, ముందు బూటు మీద ఆగుతుంది, వెనక మేజోడు కనబడదు.

రెడీమేడ్ కొంటున్నారా?

పైన చెప్పిన వరుసే, భుజం నుంచి మొదలు. భుజం, కాలరు, కోటు పొడవు ఈ మూడూ సరిపోతేనే కొనండి. నడుము, చేతుల పొడవు, ప్యాంటు నడుము, అంచు ఆల్టరేషన్‌కు వదిలేయండి. చేతి అంచు దగ్గర నిజంగా తెరుచుకునే కాజాలుంటే మాత్రం కింది నుంచి పొడవు మార్చడం కష్టం, పైనుంచి చేయించాలి, ఖర్చెక్కువ. కోటు పొడవు రెండు సెంటీమీటర్లకు మించి తగ్గిస్తే జేబులు అంచు మీదికి వచ్చేసినట్టు కనిపిస్తాయి. జతగా అమ్మే సూట్లలో కోటు ఛాతీకీ ప్యాంటు నడుముకూ మధ్య సాధారణంగా 15 సెం.మీ. తేడా ఉంటుంది. మీ ఒళ్లు ఆ లెక్కలో లేకపోతే కోటు, ప్యాంటు విడివిడిగా అమ్మే చోట చూడండి.

ఇంటికి తెచ్చుకునే రోజు

మళ్లీ అదే చొక్కా, అవే బూట్లు. ట్రయల్‌లో తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని కొత్తవి తీయించండి. చెప్పిన మార్పులు జరిగాయో లేదో ఫొటోల్లో తేలిపోతుంది, గుర్తు మీద ఆధారపడొద్దు. కాజాల దగ్గర పోగులు లేచాయా, గుండీలు గట్టిగా ఉన్నాయా లాగి చూడండి. వెనక చీలిక మీద ఇంటూ ఆకారంలో వేసిన టాకా, భుజాల మీద తెల్లదారం ఉంటే అవి విప్పడం మర్చిపోవద్దు. అవి సూటులో భాగమనుకుని అలాగే ఊరేగినవాళ్లను చూశాను.

వచ్చేముందు మిగిలిన గుడ్డ ముక్కలు, రెండు గుండీలు అడిగి తీసుకోండి. వాటితో పాటు గుడ్డ పేరు, బరువు, తాను నంబరు రాసిన చీటీ ఒక కవర్లో వేసి కోటు హ్యాంగర్‌కే తగిలించండి. రేపు సిగరెట్ నిప్పు పడి బొక్క పడినా, మేకుకు తగులుకుని చిరిగినా, రఫ్ఫు చేసేవాడు మొదట అడిగేది ఆ ముక్కే.